చైనాలో ‘నగరం’ అంటే ఎంత? హోదాలు, తలలెక్కలు, టైర్లు

చోంగ్‌కింగ్ జనాభా ఎంత అని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. 3 కోట్ల 20 లక్షలు. 2 కోట్ల 22 లక్షలు. కోటీ 63 లక్షలు. కోటీ 3 లక్షలు. నాలుగూ 2020 జనగణన అంకెలే, నాలుగూ నిజమే. మొదటిది చోంగ్‌కింగ్ పేరు మీద ఉన్న మొత్తం పాలనా ప్రాంతానిది. రెండోది అందులో నగరాల్లో, పట్టణాల్లో ఉండేవాళ్లది. అంటే మిగిలిన 98 లక్షల మంది పల్లెల్లో ఉన్నారన్నమాట. మూడోది ప్రభుత్వం నగర ప్రాంతంగా లెక్కపెట్టే భాగానిది. నాలుగోది నడిబొడ్డున ఉన్న తొమ్మిది నగర విభాగాలది. ప్రపంచంలోని పెద్ద నగరాల జాబితాల్లో చోంగ్‌కింగ్ ఒకచోట అందరికంటే పైన, ఇంకోచోట చాలా కింద కనిపించేది ఇందుకే. జాబితా రాసినవాళ్లు ఏ అంకె పట్టుకున్నారన్నదాన్ని బట్టి ర్యాంకు మారిపోతుంది.

మొదటి అంకె పట్టుకుంటే ఏమవుతుందో చూడాలి. ఆ చోంగ్‌కింగ్ విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. దాదాపు ఆస్ట్రియా దేశమంత. తెలంగాణలో ముప్పాతిక వంతు. తూర్పు నుంచి పడమరకు 470 కిలోమీటర్లు ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లే. యాంగ్‌ట్సీ నది లోయల్లో ఫెంగ్‌జియే అనే కౌంటీ (జిల్లా కింది స్థాయి పాలనా విభాగం) ఉంది, కొండవాలు మీద పండే నారింజకు పేరు. అక్కడ తోట చూసుకునే రైతు చిరునామా కూడా ‘చోంగ్‌కింగ్ నగరం’ అనే మొదలవుతుంది. ఆ రైతు ప్రపంచంలోనే అతిపెద్ద నగరంలో ఉంటున్నాడని చెబితే వినడానికి గొప్పగానే ఉంటుంది కానీ, అందులో అర్థం లేదు.

చైనా నగరాల గురించిన గందరగోళంలో చాలా భాగం ఒక్క మాట దగ్గర మొదలవుతుంది. నగరానికి చైనావాళ్లు వాడే మాట ‘షి’. ఆ అక్షరానికి అసలు అర్థం సంత, అంగడి. కోటగోడను చెప్పే ‘చెంగ్’తో కలిసి అది ‘చెంగ్‌షి’ అయింది. తెలుగులో ‘పేట’ అనే మాట వెనక అంగడి ఉన్నట్టే అక్కడా ఉంది. కానీ ఇప్పుడు కాగితాల మీద కనిపించే ‘షి’ అంగడీ కాదు, ఊరూ కాదు. అదొక పాలనా విభాగం. తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక కావాలంటే మునిసిపల్ కార్పొరేషన్‌ని పక్కనపెట్టి జిల్లాను తలచుకోవాలి. కలెక్టరేట్ ఉన్న పట్నం, దాని చుట్టూ చిన్న పట్టణాలు, పల్లెలు, పొలాలు, అడవులు, మొత్తాన్నీ కలిపి ఒకే పేరుతో పిలిస్తే ఎలా ఉంటుందో జిల్లా స్థాయి ‘షి’ అలా ఉంటుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1980ల్లో, ముఖ్యంగా 1983 నుంచి, చుట్టుపక్కల కౌంటీలను నగరాల కిందకు తెచ్చే మార్పు దేశమంతటా జరిగింది. నగరంలోని పరిశ్రమలు పల్లెలను కూడా తమతో పాటు పైకి లాగుతాయన్నది అప్పటి ఆలోచన. చాలాచోట్ల అందుకు విరుద్ధంగా జరిగిందని, కౌంటీలకు అందాల్సిన డబ్బు, భూమి నగరం వైపు పోయాయని చైనాలోనే విమర్శ ఉంది. ఆ మార్పుల వరసలో చివరికి ఎలాంటి ‘నగరాలు’ తయారయ్యాయంటే, మంగోలియా సరిహద్దు దగ్గరి హులున్‌బుయిర్ ఒక షి. విస్తీర్ణం రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లకు పైన. పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి కొంచెం తక్కువ. అందులో ఎక్కువ భాగం గడ్డి మైదానాలు, అడవులు. జనాభా మాత్రం 22 లక్షలు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఒక షి కడుపులో ఇంకో షి ఉంటుంది. షాంఘై పక్కన సుజౌ ఒక నగరం. దాని కింద కున్‌షాన్ ఇంకో నగరం. సుజౌ జిల్లా స్థాయిది, కున్‌షాన్ కౌంటీ స్థాయిది. రెండింటి పేరు చివరా ఉన్న అక్షరం ఒకటే. మేయర్ అనే పిలుపూ ఒకటే, అధికారం మాత్రం వేరు. కాబట్టి చైనాలో మొత్తం ఎన్ని నగరాలున్నాయన్న ప్రశ్నకు కూడా ఒక్క ముక్కలో జవాబు లేదు. పెద్దవి, జిల్లా స్థాయివి కలిపితే మూడు వందలకు కాస్త తక్కువ. కౌంటీ స్థాయివి కూడా కలిపితే ఏడు వందలకు దగ్గర.

నగరాలకు మెట్లు కట్టే నిచ్చెనలు చైనాలో ముఖ్యంగా మూడున్నాయి. ఒకటి అధికార హోదాది. రెండోది తలలెక్కది. మూడోది మార్కెట్‌ది, ‘టైర్-1’, ‘టైర్-2’ అని మనం వినేది దీన్నే. వార్తల్లో ఈ మూడింటినీ కలిపేసి రాస్తుంటారు. ఒక నగరం ఒక నిచ్చెన మీద పైమెట్టున ఉండి, ఇంకోదాని మీద మధ్యలో వేలాడుతూ ఉండొచ్చు. నిజం చెప్పాలంటే చైనా నగరాల కథలో అసలు ఆసక్తి ఉన్నది ఈ తేడాల్లోనే.

హోదా నిచ్చెన అన్నిటికంటే పాతది, కదలనిది. పైన నాలుగు నగరాలున్నాయి: బీజింగ్, షాంఘై, టియాంజిన్, చోంగ్‌కింగ్. ఇవి ఏ ప్రావిన్స్ కిందా ఉండవు, నేరుగా కేంద్రానికే జవాబు చెబుతాయి. చోంగ్‌కింగ్‌ని సిచువాన్ ప్రావిన్స్ నుంచి వేరు చేసి ఈ వరసలోకి తెచ్చింది 1997లో. త్రీ గోర్జెస్ డ్యామ్ వల్ల లక్షల మందిని వేరేచోటికి తరలించాల్సి రావడం అందుకు ఒక పెద్ద కారణం. డ్యామ్ వల్ల మునిగే కౌంటీల్లో ఎక్కువ భాగం ఒక్క చేతి కింద ఉండాలనే దానికి అంత పెద్ద హద్దులు గీశారు. అంటే ఆ 3 కోట్ల 20 లక్షల అంకె నగరం పెరిగి వచ్చింది కాదు, ఒక ప్రాజెక్టు అవసరం కోసం గీసిన గీతల నుంచి వచ్చింది.

ఆ నాలుగింటి కింద 15 ఉప-ప్రావిన్స్ స్థాయి నగరాలున్నాయి. 1994లో ఈ జాబితా వేసినప్పుడు 16 ఉండేవి, చోంగ్‌కింగ్ పైకి వెళ్లాక 15 మిగిలాయి. గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్, వుహాన్, చెంగ్డు, షియాన్, నాన్‌జింగ్, హాంగ్‌జౌ లాంటివి ఇందులో ఉన్నాయి. ఇక్కడి మేయర్‌ది ప్రావిన్స్ ఉప గవర్నర్‌తో సమానమైన ర్యాంకు. ఈ పదిహేనింటిలో డాలియన్, చింగ్‌డావో, నింగ్‌బో, షియామెన్, షెన్‌జెన్ అనే అయిదింటికి ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. డబ్బు లెక్కలు ప్రావిన్స్‌ని దాటి నేరుగా కేంద్రంతోనే చూసుకుంటాయి. వాటి కింద మామూలు ప్రావిన్స్ రాజధానులు, ఆ కింద మిగతా జిల్లా స్థాయి నగరాలు, అన్నిటికంటే కింద కౌంటీ స్థాయివి.

మేయర్ ర్యాంకుతో ఊరికి ఏం పని అనిపించవచ్చు. చైనాలో చాలా పని ఉంది. ఎంతమంది ఉద్యోగులు ఉండొచ్చు, ఎన్ని శాఖలు పెట్టుకోవచ్చు, ఏ అనుమతి తనే ఇచ్చుకోవచ్చు, దేనికి పైవాళ్ల దగ్గరకు ఫైలు పట్టుకుని వెళ్లాలి, ఇవన్నీ ర్యాంకుతో ముడిపడి ఉంటాయి. ఈ వరస రోడ్డు మీద కూడా కనిపిస్తుంది. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లో ఒక సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల నంబరు ప్లేట్లు చూస్తే, ముందు ప్రావిన్స్‌ని చెప్పే ఒక చైనా అక్షరం, దాని పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటాయి. ‘ఎ’ అంటే రాజధాని గ్వాంగ్‌జౌ. ‘బి’ అంటే షెన్‌జెన్. డాంగ్‌గ్వాన్ కార్ల మీద ‘ఎస్’ ఉంటుంది. కోటి మందికి పైగా ఉన్న డాంగ్‌గ్వాన్ వరసలో అంత వెనక ఉండటానికి కారణం సులభం. అక్షరాలు పంచిన రోజుల్లో దానికి అంత హోదా లేదు.

ఈ నిచ్చెన మీద ఎక్కువ అన్యాయం కనిపించేది సుజౌ విషయంలో. 2020లో దాని జీడీపీ 2 లక్షల కోట్ల యువాన్లు దాటింది. అయినా అది ఉప-ప్రావిన్స్ నగరం కాదు, ప్రావిన్స్ రాజధానీ కాదు. మామూలు జిల్లా స్థాయి నగరం. ఇంత డబ్బున్న నగరానికి సొంత విమానాశ్రయం లేదు. విమానం ఎక్కాలంటే పక్కనున్న వుషీకో షాంఘైకో పోవాలి. ఇక దాని కిందున్న కున్‌షాన్ సంగతి మరీ విచిత్రం. 2022లో ఆ ఒక్క కౌంటీ స్థాయి నగరం జీడీపీయే 50 వేల కోట్ల యువాన్లు దాటింది, చైనాలో ఆ మెట్టు ఎక్కిన మొదటి కౌంటీ అదే. అక్కడి హువాచియావో అనే చోటికి 2013లోనే షాంఘై మెట్రో వచ్చేసింది. పాలన సుజౌది, రైలు షాంఘైది.

ఎదురుగా ఈశాన్యం ఉంది. షెన్‌యాంగ్, డాలియన్, చాంగ్‌చున్, హార్బిన్ నాలుగూ ఉప-ప్రావిన్స్ నగరాలే. ఆ పదిహేనింటిలో నాలుగు ఒక్క ఈశాన్యానివే కావడానికి కారణం, ప్రణాళికా ఆర్థిక వ్యవస్థ కాలంలో చైనా భారీ పరిశ్రమలకు ఆ ప్రాంతమే గుండెకాయ. ఉక్కు, యంత్రాలు, లారీలు అక్కడే తయారయ్యేవి. 1990ల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, లక్షల మందికి పని పోయింది, యువకులు దక్షిణానికి వెళ్లిపోయారు. హోదా మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక తలలెక్క నిచ్చెన. దీన్ని కట్టింది కేంద్ర ప్రభుత్వమే. 1989 నాటి పట్టణ ప్రణాళికా చట్టం ప్రకారం 5 లక్షలు దాటితే పెద్ద నగరం, 2 నుంచి 5 లక్షలు మధ్యస్థం, ఆ కింద చిన్నది. పావు శతాబ్దంలో ఆ కొలబద్ద పూర్తిగా చిన్నదైపోయింది. 2014లో కొత్తది వచ్చింది. 50 లక్షల లోపు ఉంటే మూడు రకాలు: 5 లక్షల లోపు చిన్నవి, 10 లక్షల వరకు మధ్యస్థం, 50 లక్షల వరకు పెద్దవి. 50 లక్షలు దాటితే అతి పెద్దవి, కోటి దాటితే మహా నగరాలు. చిన్నవాటిలో, పెద్దవాటిలో మళ్లీ రెండేసి తరగతులు.

అంకెల కంటే ముఖ్యమైన మార్పు ఇంకోటుంది. 2014 నుంచి లెక్కపెట్టేది నగర ప్రాంతంలో నిజంగా ఉంటున్నవాళ్లను. అంతకుముందు ఎక్కువగా ఆ ఊరి రిజిస్టర్‌లో వ్యవసాయేతరులుగా నమోదైనవాళ్లే లెక్కలోకి వచ్చేవాళ్లు. పల్లె నుంచి వచ్చి పదేళ్లుగా ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషి ఆ నగరం లెక్కలో లేనే లేడు. కొత్త లెక్కలో వచ్చాడు. దీని ఫలితం 2020 జనగణనలో కనిపించింది. కోటి దాటిన మహా నగరాలు ఏడు: షాంఘై, బీజింగ్, షెన్‌జెన్, చోంగ్‌కింగ్, గ్వాంగ్‌జౌ, చెంగ్డు, టియాంజిన్. 50 లక్షల నుంచి కోటి మధ్య ఇంకో 14. ఆ పద్నాలుగింటిలో వుహాన్, షియాన్ లాంటి రాజధానుల పక్కనే డాంగ్‌గ్వాన్, ఫోషాన్ కూడా ఉన్నాయి.

అయితే లెక్కలోకి రావడం వేరు, హక్కు రావడం వేరు. చైనాలో ప్రతి మనిషికీ ‘హుకౌ’ అనే నివాస నమోదు ఉంటుంది. 1958 నిబంధనలతో గట్టిపడిన పద్ధతి ఇది. రేషన్ కార్డు, స్థానికత సర్టిఫికెట్ రెండూ కలిపి పుట్టినప్పుడే చేతిలో పెడితే ఎలా ఉంటుందో అలాంటిది. పిల్లల బడి, ఆరోగ్య బీమా, సబ్సిడీ ఇల్లు దీన్నిబట్టే ఉంటాయి. ‘లోకల్, నాన్-లోకల్’ గొడవ ఎంత బాధ పెడుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ హుకౌ విషయంలో ఏ నగరం ఎంత తలుపు తెరవాలో నిర్ణయించేది తలలెక్క నిచ్చెనే. 2019లో కేంద్రం ఇచ్చిన ఆదేశం ప్రకారం 10 నుంచి 30 లక్షల నగరాలు అడ్డంకులన్నీ తీసేయాలి. 30 నుంచి 50 లక్షలవి బాగా సడలించాలి. ఆ పైవాటికి మాత్రం పాయింట్ల పద్ధతి ఉంటుంది. చదువు, ఉద్యోగం, కట్టిన బీమా సంవత్సరాలు, వయసు అన్నీ కలిపి మార్కులు వేస్తారు. బీజింగ్‌లో 2018లో ఇది మొదలైనప్పుడు ఆ ఏడాది హుకౌ దక్కింది దాదాపు 6,000 మందికి. రెండు కోట్లకు పైగా జనం ఉన్న చోట!

అంటే పనులు ఎక్కువగా ఉన్న చోట తలుపు మూసి ఉంటుంది, పనులు తక్కువ ఉన్న చోట తెరిచి ఉంటుంది. చిన్న నగరంలో హుకౌ సులభంగా వస్తుంది, కానీ అక్కడికి పోయి చేసేదేమిటి? ఈ ప్రశ్నకు వర్గీకరణ పట్టికల్లో జవాబు లేదు. షెన్‌జెన్ కోటీ 75 లక్షల జనాభాలో స్థానిక హుకౌ ఉన్నవాళ్లు మూడో వంతు మాత్రమే. మిగతా రెండు వంతుల మందితోనే అది మహా నగరాల జాబితాలోకి ఎక్కింది. పిల్లల్ని ఊళ్లో తాత, నాయనమ్మల దగ్గర వదిలి వచ్చి పనిచేస్తున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

తలలెక్క చివరికి ఇనుము, సిమెంటు దాకా పోతుంది. భూగర్భ మెట్రో కట్టుకోవాలంటే 2003 నిబంధన ప్రకారం నగర జనాభా 30 లక్షలు, జీడీపీ 10 వేల కోట్ల యువాన్లు, బడ్జెట్ ఆదాయం వెయ్యి కోట్ల యువాన్లు ఉండాలి. జీడీపీ ఎలాగూ పెరుగుతూ పోయింది కాబట్టి నగరాలన్నీ మెట్రో మెట్రో అని పరుగెత్తాయి. 2017లో ఇన్నర్ మంగోలియాలోని బావోటౌలో పని మొదలైన మెట్రోని మధ్యలోనే ఆపేశారు. ఊరి ఆదాయానికి ఆ ఖర్చుకు పొంతనే లేదు. మరుసటి ఏడాది కేంద్రం గీతను పైకి జరిపింది. జనాభా అదే 30 లక్షలు, కానీ జీడీపీ 30 వేల కోట్లు, ఆదాయం 3 వేల కోట్ల యువాన్లు. 2021లో ఆకాశహర్మ్యాల మీద కూడా ఇలాంటి గీతే వచ్చింది. 30 లక్షల లోపు నగరాల్లో 250 మీటర్లకు మించి కొత్త భవనం కట్టకూడదు. 150 మీటర్లు దాటినా గట్టి పరిమితులే. పెద్ద నగరాల్లో అయినా 500 మీటర్లు దాటడానికి లేదు. జనాభా 29 లక్షల దగ్గర ఉన్న నగరానికీ 31 లక్షలున్న నగరానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ నగరపాలకులకు బాగా తెలుసు.

తెలుసు కాబట్టే హద్దులు జరుగుతుంటాయి. 2011లో అన్‌హుయ్ ప్రావిన్స్‌లో చావోహు అనే జిల్లా స్థాయి నగరాన్ని రద్దు చేసి మూడు ముక్కలు చేశారు. రాజధాని హెఫీకి పెద్ద ముక్క దక్కింది, దానితో పాటు ఆ పేరున్న పెద్ద సరస్సు మొత్తం హెఫీ లోపలికి వచ్చింది. 2016లో చెంగ్డు పక్కనున్న జియాన్‌యాంగ్‌ని తనలో కలుపుకుంది. చెంగ్డు రెండో విమానాశ్రయం కట్టింది అక్కడే, 2021లో తెరిచారు. 2019 జనవరిలో షాన్‌డాంగ్ రాజధాని జినాన్ పక్కనున్న లైవు నగరాన్ని మొత్తంగా మింగేసింది. ఇలాంటి ఏడాదిలో జనాభా, జీడీపీ ఒక్కసారిగా పెరిగి ర్యాంకు పైకి వెళ్లినట్టు కనిపిస్తుంది. కాబట్టి చైనా నగరం ఏదైనా పదేళ్లలో ఎంత ఎదిగిందో చెప్పే అంకె చూసినప్పుడు, ఆ పదేళ్లలో దాని హద్దు కదిలిందా లేదా అన్నది ముందు చూసుకోవాలి. ఎక్కువమంది చూడరు. అవతలి వైపు కూడా చూడాలి. జియాన్‌యాంగ్ పోయాక జియాంగ్ అనే జిల్లాకు (జియాన్‌యాంగ్ అంతకుముందు దాని కిందే ఉండేది) మిగిలిందేమిటన్నది చెంగ్డు విజయగాథల్లో రాదు.

ఇప్పుడు అందరికీ తెలిసిన టైర్ల సంగతి. ‘టైర్’ అనే చోట చైనావాళ్లు వాడే మాటకు గీత, వరుస అని అర్థం. మొదటి వరుస, రెండో వరుస అంటారు. ఇళ్ల వ్యాపారులు, సరుకులమ్మే కంపెనీలు ముందు ఎక్కడ దుకాణం తెరవాలో చూసుకోవడానికి వాడిన మాట అలా వాడుకలోకి వచ్చింది. మన దగ్గర కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె అలవెన్సు కోసం నగరాలను ఎక్స్, వై, జెడ్ అని విడగొట్టారు. హైదరాబాద్ ఎక్స్‌లో, విజయవాడ, విశాఖ, వరంగల్ వైలో ఉన్నాయి. చైనాలో అన్ని పనులకూ వర్తించే అలాంటి అధికారిక టైర్ల జాబితా లేదు.

కానీ టైర్లకు ప్రభుత్వంతో సంబంధమే లేదనడం కూడా తప్పే. జాతీయ గణాంక కార్యాలయం ప్రతి నెలా 70 నగరాల్లో ఇళ్ల ధరల సూచీ ఇస్తుంది. దానికోసం బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్‌లను మొదటి వరుసలో, 31 నగరాలను రెండో వరుసలో, 35 నగరాలను మూడో వరుసలో పెట్టింది. ఆ 31 ఏవో చూస్తే సంగతి అర్థమవుతుంది. టియాంజిన్, చోంగ్‌కింగ్, దాదాపు అన్ని ప్రావిన్స్ రాజధానులు, పైన చెప్పిన డాలియన్ లాంటి నాలుగు. అంతే. అంటే మార్కెట్ పేరు పెట్టుకున్న హోదా నిచ్చెనే ఇది. సుజౌ, డాంగ్‌గ్వాన్ ఆ డెబ్బైలో ఎక్కడా లేవు. వుషీ మూడో వరుసలో ఉంది.

ఇక జనం నోట నానే జాబితా షాంఘైలోని యీట్సాయ్ అనే వ్యాపార వార్తా సంస్థది. 2013 నుంచి వస్తోంది. పైన అవే నాలుగు నగరాలు. వాటి కింద ‘కొత్త మొదటి వరుస’ అని 15. తర్వాత రెండో వరుసలో 30, మూడులో 70, నాలుగులో 90, అయిదులో 128. మొత్తం 337. వాళ్లు చాలా ఏళ్లపాటు చూసినవి అయిదు విషయాలు: వ్యాపార వనరులు ఎంత చేరాయి, రవాణా కూడలిగా నగరం ఎంత పెద్దది, జనం ఎంత చురుగ్గా ఉన్నారు, జీవితంలో ఎన్ని రకాలున్నాయి, ముందు ముందు ఎదిగే సత్తా ఎంత. పేరున్న బ్రాండ్ల దుకాణాలు ఏ ఊళ్లో ఎన్ని ఉన్నాయి అనే లెక్క అందులో పెద్ద భాగం. ‘కొత్త మొదటి వరుస’ అనే మాట పెట్టడం చాలా తెలివైన పని. పై నాలుగింటినీ కదపకుండా, వాటి వెనకే పదిహేను కుర్చీలు వేసి, ఏటా వాటికోసం పోటీ పెట్టారు. మేయర్లకు ఆ కుర్చీ ప్రతిష్ఠ అయింది.

2024 జాబితాలో ఆ పదిహేను ఇవి: చెంగ్డు, హాంగ్‌జౌ, చోంగ్‌కింగ్, సుజౌ, వుహాన్, షియాన్, నాన్‌జింగ్, చాంగ్‌షా, టియాంజిన్, జెంగ్‌జౌ, డాంగ్‌గ్వాన్, వుషీ, నింగ్‌బో, చింగ్‌డావో, హెఫీ. అంతకుముందు ఏడాది ఉన్న కున్‌మింగ్ పోయి వుషీ వచ్చింది. గణాంక కార్యాలయం దగ్గర మూడో వరుసలో ఉన్న వుషీ ఆ ఏడాది ఇక్కడ కొత్త మొదటి వరుసకు చేరింది! ఒక వార్తలో ‘టైర్-3 నగరం’ అని, ఇంకో వార్తలో ‘దాదాపు టైర్-1’ అని ఒకే ఊరి గురించి చదివితే, ఎవరూ అబద్ధం రాయలేదని గుర్తుంచుకోవాలి. రాసినవాళ్లు ఏ నిచ్చెనో చెప్పలేదు, అంతే.

ఇదే జాబితాను హోదా నిచ్చెన పక్కన పెట్టి చూస్తే ఇంకా చాలా కనిపిస్తాయి. ఈశాన్యంలోని నాలుగు ఉప-ప్రావిన్స్ నగరాల్లో ఒక్కటీ ఇందులో లేదు. ఆ హోదా లేని సుజౌ, డాంగ్‌గ్వాన్, వుషీ, హెఫీ, చాంగ్‌షా, జెంగ్‌జౌ ఉన్నాయి. వీటిలో హెఫీ దారి వేరు. ఆ నగర ప్రభుత్వం 2008లో బీఓఈ అనే తెరల తయారీ కంపెనీ మీద, 2020లో నియో అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ మీద సొంత డబ్బు పెట్టింది. పెట్టింది ప్రజల డబ్బు, ఆడింది పెద్ద పందెం. అది గెలిచింది కాబట్టి అందరూ హెఫీ గురించి రాస్తున్నారు.

ఈ జాబితా లోపం కూడా అక్కడే, ఆ 337 అంకెలోనే ఉంది. అందులో నాలుగు కేంద్ర పాలిత నగరాలు, 293 జిల్లా స్థాయి నగరాలు. మిగతా 40 ఏమిటి? అవి నగరాలే కావు. 30 స్వయంప్రతిపత్తి జిల్లాలు, 7 మామూలు జిల్లాలు, ఇన్నర్ మంగోలియాలో ‘లీగ్’ అని పిలిచే 3 ప్రాంతాలు. గొర్రెల మందలు మేసే షిలింగోల్ లీగ్, ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద గడ్డినేల, కాఫీ షాపులు ఎన్ని ఉన్నాయన్న లెక్కతో షాంఘై ఉన్న పట్టికలోనే ర్యాంకు తెచ్చుకుంటుంది. ఒక కంపెనీ సేల్స్ విభాగానికి ఈ లెక్క పనికొస్తుంది. ఊరి బాగోగులకు ఇది కొలత అనుకుంటేనే తప్పు. వైద్య విద్య కోసం చైనా వెళ్లే తెలుగు విద్యార్థుల కుటుంబాలు కూడా ఈ తేడా గమనించాలి. టైర్ చూసి అద్దె ఎంత ఉండొచ్చో, ఇంటికి రావడానికి విమానం సులభంగా దొరుకుతుందో లేదో ఊహించొచ్చు. కాలేజీ ఎలాంటిదో, ఆసుపత్రిలో రోగుల్ని ఎంతమందిని చూడనిస్తారో అది చెప్పదు.

కింది మెట్ల మీద చైనా జనాభాలో పెద్ద భాగమే ఉంది. వ్యాపార లోకం వాళ్లను చాలాకాలం పట్టించుకోలేదు. 2015లో మొదలైన పిన్‌డువోడువో అనే షాపింగ్ యాప్ మూడో వరుస, ఆ కింది ఊళ్లవాళ్లకు చవక సరుకు అమ్మి కొన్నేళ్లలోనే పెద్ద కంపెనీల పక్కన కూర్చుంది. ఆ తర్వాత అందరికీ ఈ ఊళ్లు గుర్తొచ్చాయి. ఈ మార్కెట్‌కి పెట్టిన పేరు ‘కిందికి దిగిన మార్కెట్’. పైనుంచి చూసేవాళ్లు పెట్టిన పేరని ఆ మాటలోనే తెలిసిపోతుంది.

ఆ కిందే రష్యా సరిహద్దు దగ్గర హెగాంగ్ ఉంది. బొగ్గు గనుల ఊరు. 2010లో 10 లక్షల 60 వేలు ఉన్న జనాభా 2020కి 8 లక్షల 90 వేలు అయింది. పదేళ్లలో ఆరుగురిలో ఒకరు తగ్గారు. 2019లో అక్కడ ఫ్లాట్లు ఎంత చవకో దేశమంతా చెప్పుకున్నారు. పెద్ద నగరంలో ఒక గది ధరకు కూడా సరిపోని డబ్బుతో అక్కడ ఇల్లు కొనొచ్చు. 2021 చివర్లో ఆ నగర ప్రభుత్వం అప్పుల సర్దుబాటులో పడి, చేయాలనుకున్న కింది స్థాయి ఉద్యోగ నియామకాన్ని రద్దు చేసుకుంది. హోదాలో మాత్రం హెగాంగ్‌కీ సుజౌకీ తేడా లేదు. రెండూ జిల్లా స్థాయి నగరాలే.

నిచ్చెన ఎక్కడం ఎంత కష్టమో చూడాలంటే తూర్పు తీరంలో వెన్‌జౌ ప్రాంతానికి వెళ్లాలి. అక్కడ 1984లో కొన్ని జాలరి పల్లెలను కలిపి లాంగ్‌గాంగ్ అనే పట్టణం మొదలుపెట్టారు. కట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. చుట్టుపక్కల రైతులే డబ్బు కట్టి స్థలాలు తీసుకుని, ఇళ్లు లేపుకుని, వీధులు వేసుకున్నారు. ‘చైనాలో రైతులు కట్టుకున్న మొదటి నగరం’ అని పేరొచ్చింది. ప్రింటింగ్ పనికి దేశమంతా తెలిసింది. జనం నాలుగు లక్షలు దాటారు. కాగితం మీద మాత్రం అది ఒక కౌంటీ కింది పట్టణమే. అందుకని ఉద్యోగులు, అధికారాలు ఒక పట్టణానికి ఇచ్చినన్నే. నగరంగా మార్చమని అడిగే దారి కూడా చాలాకాలం మూసే ఉంది, ఎందుకంటే కౌంటీలను నగరాలుగా మార్చడమే 1997లో ఆపేశారు. చివరికి 2019లో లాంగ్‌గాంగ్‌ని నేరుగా కౌంటీ స్థాయి నగరం చేశారు. చైనాలో ఒక పట్టణం ఇలా ఒక్కసారిగా నగరం కావడం అదే మొదలు. పట్టణానికి వాడే ‘జెన్’ అనే అక్షరం పోయి ఆ ఊరి పేరు చివర ‘షి’ చేరడానికి 35 ఏళ్లు పట్టింది.